ఫొటోకి అడ్డం

"అమ్మా, కాస్త పక్కకి జరగండి! ఫొటోకి అడ్డం!"

హైమ గొంతు చించుకుని అరిచినా, మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డ ఎర్రచీర ఆవిడ ఉలకలేదు, పలకలేదు.

హైమది మామూలు పట్టు కాదు, ఉడుంపట్టు. తణుకులో పొద్దున్నే బయల్దేరి, నర్సాపురంలో పంటెక్కి గోదారి దాటి, ఎర్రటెండలో ఇసుక దిబ్బలు ఎక్కిదిగి వచ్చిందంతా ఒక్క ఫొటో కోసమే.

చనిపోయిన నాన్న పాత ఫొటో ఆమె చేతిసంచిలో ఉంది. పంచె ఎగ్గట్టి, ఇక్కడే నీళ్ళలో నిలబడి నవ్వుతున్నాడాయన. వెనకాల, తీరం వంపు తిరిగిన చోట లైట్‌హౌస్. సరిగ్గా అక్కడే తనూ నిలబడాలి. సంవత్సరీకం నాటికి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాలి.

"ఇంకాస్త వెనక్కెళ్తే సరిపోతుంది హైమా!" దిబ్బ మీంచి కేకేశాడు ఆమె భర్త హర్ష.

హైమ వెనక్కి అడుగేసింది. ఎర్రచీర ఆవిడ చేతులు బారజాపి అడ్డం నిలబడింది.

"ఏంటండీ ఇది? సముద్రం మీ తాతగారి జాగీరా?"

ఆవిడ అడ్డంగా తలూపింది.

హైమ పక్కనుంచి వెళ్ళబోయింది. ఆవిడ హైమ రెక్క పట్టుకుని ఒడ్డు వైపు ఒక్క తోపు తోసింది.

"ఎంత పొగరు! మా నాన్నగారు నిలబడ్డ చోటండీ అది!" హైమకి ఏడుపొచ్చేసింది.

"పోనీలే, అక్కణ్ణుంచే తీస్తాను. ఆవిణ్ణి ఫోన్లో చెరిపేద్దాం," అన్నాడు హర్ష.

అన్నట్టే కొబ్బరిబొండాల బండి దగ్గర కూర్చుని, వేలితో రుద్ది చెరిపేసింది హైమ. ఎర్రచీర ఆనవాలే లేదు. తిక్క కుదిరిందనుకుని ఫొటో చుట్టాల గ్రూపులో పెట్టింది.

చెల్లెలు సారిక వెంటనే జవాబిచ్చింది. "చోటు భలే ఉందక్కా! స్టేటస్ పెట్టేశా. మేం బయల్దేరి దారిలోనే ఉన్నాం. నీ వెనకాల ఖాళీగా ఉందే, పిల్లల్ని అక్కడ నిలబెట్టి తీస్తాం."

హైమ మురిసిపోతూ రెండు ఫొటోలూ బొండాలాయనకి చూపించింది.

"బాగున్నాయండి. మా లోవలక్ష్మిని తీసేశారేంటండి?"

"ఆ పొగరుబోతావిడా?"

"అయ్యో, పొగరు కాదండి, మూగది. కేకెయ్యలేదు పాపం. మీ నాన్నగారి రోజుల్లో మోకాలిలోతున్న ఆ చోటు ఇప్పుడు నిలువులోతు గొయ్యండి. ఎర్రజెండా పాతితే ఫొటోకి అడ్డమని వచ్చినోళ్ళంతా పీకేస్తుంటే, రోజూ ఎర్రచీర కట్టుకుని ఆవిడే జెండాలాగా నిలబడుతోందండి."