బిజిలీ మెడలో ఎర్ర ట్యాగు

పరంధామయ్య స్టూలెక్కి జీను మీద చెయ్యి వేయగానే మూడేళ్ల ఆడగుర్రం బిజిలీ నడుము కుంగదీసి పక్కకి జరిగింది.

"చూసేవా దీని పొగరు!"

"పొగరు కాదు పెదనాన్నా, వెన్ను నొప్పి. చెయ్యేస్తేనే ఉలిక్కిపడతంది," అంది ప్రసూన. ఆ మాట తన పెదవి దాటిందో లేదో ఆమెకే తెలియలేదు.

"గట్టిగా చెప్పవే," అంది గుమ్మంలోంచి పెద్దమ్మ పార్వతమ్మ. "నూటపది కిలోల మనిషి రోజూ ఎక్కితే దానికి నొప్పెట్టదేటి?"

"ముప్పై ఏళ్లు స్టీలు ప్లాంటులో క్రేను నడిపినోణ్ణి, గుర్రం నడపలేనేటి! సెక్టర్ సెవెన్‌లో దోస్తులు నాకోసం చూస్తన్నారు," అంటూ పరంధామయ్య తలపాగా కోసం లోపలికి వెళ్లాడు.

పెదనాన్న ప్లాంటు కబుర్లు రోజూ వినే ప్రసూన గబగబా నోటుపుస్తకం ఎర్ర అట్ట చింపి, ఏదో రాసి, బిజిలీ మెడలో కట్టింది.

తిరిగొచ్చిన పరంధామయ్య చదివాడు. "మరమ్మతులో ఉంది. నడపరాదు. ప్రసూన."

జీను మీద వేయబోయిన అతని చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ప్లాంటులో ఎర్ర ట్యాగున్న మిషన్ని ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోడు.

పార్వతమ్మ పకపకా నవ్వింది. "ఉత్త అట్టముక్కే కదా, తీసి పారెయ్యండి!"

"అరే, ముట్టుకోకూడదు! ట్యాగు కట్టినోళ్లే విప్పాల. అది రూలు." పరంధామయ్య చేతులు కట్టుకుని ప్రసూన వైపు తిరిగాడు. "ఎప్పుడు విప్పుతావమ్మా?"

"డాక్టరు చూసి బాగుందన్నాక," అంది ప్రసూన. ఈసారి ఆమె గొంతు పక్కింటిదాకా వినబడింది. "ముందు ఆ జీను దింపు, పెదనాన్నా."

"జీ, మేడమ్," అన్నాడు పరంధామయ్య.