బురదలో జెండా

"ఆ పందిని లోపల కట్టెయ్!" ప్రష్యా పోలీసు వోల్మర్ కంచె బయటినుంచి అరిచాడు.

"ఎందుకయ్యా? మిమ్మల్నేమైనా తిట్టిందా?" సిసెల్ కుడితి పోస్తూనే అడిగింది.

ప్రష్యా వాళ్లు ఆ సీమను డెన్మార్క్ నుంచి లాక్కున్నాక, ఎర్రగుడ్డ మీద తెల్లశిలువ ఉన్న డేనిష్ జెండా ఎగరేస్తే జైలే. సిసెల్ పంది ఎర్రటిది. దాని వెన్ను పొడవునా ఒక తెల్లచార, భుజాల మీద అడ్డంగా ఇంకొకటి.

అరుగు మీదినుంచి మామ ఆస్మూస్ కాండ్రించి ఉమ్మాడు. "దేవుడు ఆకాశం నుంచి వేసిన జెండా అది. దాని కింద పోరాడి కాలు పోగొట్టుకున్నాను. ఈవిడ దాన్ని బురదలో దొర్లిస్తోంది! పంది పందే, జెండా ఎట్లా అవుతుంది?"

"విన్నారుగా? మా మామయ్య కూడా పందే అంటున్నాడు."

"సాయంత్రంలోగా కోసెయ్యాలి!"

"ఇంకా బలవనేలేదే! ఎందుకు కోయాలని కసాయి అడిగితే ఏం చెప్పను?"

"డెన్మార్క్ జెండా అని చెప్పు!"

దారిన పోతున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. వోల్మర్ ముఖం కందగడ్డయింది.

"ఊరంతా దీన్ని పందనే అనుకుంటోంది. మీకొక్కరికే జెండా కనిపించింది," అంది సిసెల్. "మీకున్న భక్తి మాకెక్కడిది!"

వోల్మర్ కోత మాట మళ్లీ ఎత్తకుండా గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

ఆస్మూస్ చంకకర్ర ఊతంతో కంచె దాకా వచ్చాడు. పందిని చాలాసేపు చూసి, టోపీ తీశాడు.

"దీనికి ఒళ్లు కడుగమ్మా. రేపు చర్చికి అందరూ ఈ దారినే పోతారు."