పొయ్యి చూసిన దిష్టి

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకే తెలియదు.

ప్రతి గ్యాస్ పొయ్యికీ ఒక కన్ను వచ్చేసిన రోజులవి. ఏ పదార్థం పడినా మంట రంగు మారుతుంది కదా, ఉప్పు పడితే పసుపు, ఆ రంగు చూసి అది నేరుగా ఆస్పత్రికి చెప్పేసేది. అందుకే హిమజ ఏడాదిగా ఉప్పు లేకుండా వండుతోంది. పథ్యం తప్పితే భర్త శ్రీకర్‌కి కిడ్నీ రాదు.

ఇవాళ కిడ్నీ దొరికింది, రమ్మన్నారు. బయల్దేరేముందు అత్తగారు కొడుక్కి కల్లుప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో పోసింది. మంట భగ్గున పసుప్పచ్చగా లేచింది.

“చూశావుటే, మిరపకాయ మాడినా ఒక్క దగ్గు రాలేదు. ఎంత దిష్టో!”

“అత్తయ్యా, ఎంత పని చేశారు!”

“ఏం చేశానే? ఉప్పు వాడి నోట్లో పోశానా?”

ఫోన్ మోగింది. “పథ్యం తప్పారండీ. కిడ్నీ తర్వాతివాళ్ళకి వెళ్ళిపోయింది,” అంది ఆస్పత్రి అమ్మాయి.

“తినలేదండీ, దిష్టి తీశారంతే!”

“మాకు ఉప్పే కనిపిస్తుంది మేడమ్, దిష్టి కనిపించదు.”

లిఫ్ట్ దగ్గర్నుంచి శ్రీకర్ పిలిచాడు. “హిమా, ఇంకా ఎంతసేపు?”

ఆమె చెప్పులు వేసుకుంది. మళ్ళీ విప్పింది.

మీ పొయ్యి మీ మీద ఏం చాడీలు చెప్పిందో మీరూ రాయండి.