మూడు గుమ్మాల గూడు

కొంగ పంతులమ్మ మూడు గిజిగాడు పిల్లలకు కలిసి ఒక గూడు అల్లమని పని పెట్టింది. ఎవరికి తీరికైనప్పుడు వాళ్లు వచ్చి అల్లి పోయారు. తీరా చూస్తే గూటికి మూడు గుమ్మాలున్నాయి, అడుగు మాత్రం లేదు!

"రేపు పంతులమ్మ ఇందులో ఒక గుడ్డు ఉంచి చూస్తుంది. కిందపడి అట్టయిపోతుంది!" అని వాళ్లలో చిన్నదైన చురుకి లబోదిబోమంది.

సాలీడు మామ జాలిపడి, ముగ్గురి కొమ్మలనూ కలుపుతూ ఒక దారం కట్టాడు. "పోచ పెట్టే ముందు లాగండి. మిగతా ఇద్దరికీ తెలుస్తుంది."

చురుకి లాగింది. ఇద్దరూ వచ్చారు. బోలెడు పోట్లాడుకుని, రెండు గుమ్మాలు మూసి, అడుగు అల్లారు.

మర్నాడు పంతులమ్మ గూట్లో గుడ్డు ఉంచుతుంటే చురుకి తొంగి చూసింది. గుడ్డు నిలిచింది!

"దారం మహిమ!" అంది పంతులమ్మ.

సాలీడు మామ నవ్వాడు. "నిరుటి జట్టుకూ ఇదే దారం ఇచ్చానమ్మా. వాళ్లు దాని మీద ఉయ్యాల ఊగారు."