చెప్పుల మీద రంగులు

"అవ్వా, అక్కడ కాదు. ఇటు, గుమ్మం పక్కన కూర్చో."

ఇంటావిడ తఖియ్యా మాటకి గదిలో ఆడవాళ్లంతా కబుర్లు ఆపి చూశారు.

గది పైచివర పెద్ద పరుపు మీద కూర్చోబోతున్న ముసలావిడ నవ్వి లేచింది. ఆవిడ ఎవరో అక్కడ ఎవరికీ తెలీదు.

యెమెన్ దేశపు సనా పాతపట్నంలో మధ్యాహ్నంపూట ఆడవాళ్లు చేరిన ఇంటికి ఏ ఆడమనిషైనా రావచ్చు. వచ్చినవాళ్లని పొమ్మనకూడదు. ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం ఇంటావిడ ఇష్టం.

ముసలావిడ చెప్పులు విడిచేచోట చతికిలబడి, తలెత్తి కిటికీలకేసి చూసింది.

చూడటానికి అక్కడ కిటికీలు లేవు. మొన్నటి వడగళ్లకి పగిలిపోతే గోనెపట్టాలు కట్టారు.

"అల్యూమినియం పెట్టించెయ్ తఖియ్యా, రెండ్రోజుల్లో అయిపోతుంది," అంది పొరుగింటి హూరియా.

"నీ వంటింటికి పెట్టించుకో! నా కోడలు పురుడు పోసుకుని ఈ గదిలోనే నలభై రోజులు కూర్చుంటుంది. చూడ్డానికి వాడవాడంతా వస్తుంది. దాని మొహం మీద, ఒళ్లో బిడ్డ మీద రంగుల వెలుతురు పడాలి. ఉస్తా ముహ్సిన్‌కి చెప్పేశాను."

ఆ పేరు వినగానే హూరియా అల్యూమినియం మాట వదిలేసింది.

తెల్లటి గచ్చు పలకని వాలుగా కోసి, సందుల్లో రంగుటద్దాలు పొదిగే పనిలో ముహ్సిన్‌ని మించిన ఉస్తా, అంతటి పనిమంతుడు, ఆ ఊళ్లో లేడు. ఆయన ఏనాడూ ఆడవాళ్ల గదిలో కాలు పెట్టింది లేదు. బయట నిచ్చెన వేసుకుని కొలతలు తీసుకుని వెళ్లిపోతాడు. అయినా వెలుతురు తెచ్చి సరిగ్గా కూర్చున్న మనిషి ఒళ్లో పోస్తాడు. ఆయన చేతిలో ఏదో మహత్తు ఉందని అందరూ అనుకుంటారు.

తఖియ్యా ఎంపికకి తిరుగులేదు. గుడ్డలోనూ, మేకలోనూ, కోడలిలోనూ ఆవిడ పొరబడింది లేదు. కిటికీల్లో మాత్రం ఎందుకు పొరబడుతుంది?

"నీ కోడలు ఎక్కడ కూర్చుంటుందమ్మా?" అడిగింది ముసలావిడ.

తఖియ్యా గుండె గతుక్కుమంది. నిండుచూలాలి గురించి ముక్కూమొహం తెలియని మనిషి ఆరా తీయడమా! దిష్టి తగలకుండా ముందు మాషా అల్లా అనైనా అనలేదు.

"నీకెందుకు?"

"ఊరికే. పోనీ, నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నీ నెత్తిమీద! కాఫీపొట్టు కిష్ర్ తాగడానికొచ్చావా, నా కోడలికి దిష్టి పెట్టడానికొచ్చావా?"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

ముసలావిడ సగం తాగిన కప్పు కింద పెట్టింది. "మాషా అల్లా. తల్లీబిడ్డా చల్లగా ఉండాలి," అంటూ చెప్పుల్లో తన జత వెతుక్కుంది. వెళ్లేముందు అక్కణ్ణించే ఇంకోసారి తలెత్తి, కళ్లు చికిలించి కిటికీలకేసి చూసింది.

"చూశావా, చూపంతా పైకే! ఎవత్తో దిష్టికళ్లది," అంది హూరియా.

తఖియ్యా సాంబ్రాణి రాజేసి, కోడలి చుట్టూ మూడుసార్లు తిప్పింది.

నెల తిరిగేసరికి మనవడు పుట్టాడు. వాడితోపాటే కిటికీలూ వచ్చాయి. పొద్దున బిగించారు. దానిమ్మగింజ ఎరుపు, తేనెరంగు, సముద్రపు నీలం. తఖియ్యా కళ్లు చెమర్చాయి. చూశారా నా ఎంపిక అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఎండ వాలింది. ఆడవాళ్లు బిలబిలమంటూ వచ్చారు.

పెద్ద పరుపు మీద కోడలు, ఒళ్లో బిడ్డ. ఇద్దరి మీదా మామూలు నీడ.

రంగులన్నీ వెళ్లి గుమ్మం పక్కన చెప్పుల మీద పడ్డాయి.

"అబ్బ, మా చెప్పులకి ఎంత మర్యాద చేశావే తఖియ్యా!" అంది హూరియా.

ఇల్లంతా ఒకటే నవ్వు. తఖియ్యాకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే ముసుగు వేసుకుని ముహ్సిన్ కొట్టుకి వెళ్లింది. ఆయన ఇంకా కొయ్యని గచ్చుపలక ముందు ఊరికే కూర్చునున్నాడు.

"ఇల్లాలు అతీఖా పోయి ఇరవై రోజులు," అని పక్కకొట్టువాడు చెవిలో చెప్పాడు.

అనవలసిన నాలుగు ఓదార్పు మాటలూ అని, తఖియ్యా అసలు సంగతికొచ్చింది.

"ఉస్తా, ఈ ఊళ్లో మీ పనికి వంక పెట్టినవాళ్లు లేరు. నా ఇంటి దగ్గరే చెయ్యి జారిందేం?"

"వెలుతురు ఎక్కడ పడుతోందమ్మా?"

"గుమ్మం పక్కన, చెప్పులు విడిచేచోట."

ముహ్సిన్ తలెత్తాడు.

"కూర్చునే చోటు కాదా అది?"

"ఎవరు కూర్చుంటారక్కడ?"

"మరి మా అతీఖా అక్కణ్ణించే చూసి వచ్చానందే! మీ ఇంటి కిటికీల కోతకి గీతలు గీసి పడుకుందమ్మా, మళ్లీ లేవలేదు."

గుమ్మం పక్కన తలెత్తి, కళ్లు చికిలించిన ముసలావిడ మొహం తఖియ్యా కళ్లముందుకొచ్చింది.

"తానెవరో... చెప్పలేదే?"

"చెబితే పరుపులు దులిపి పెద్దపీట వేస్తారు, అసలు కూర్చునే చోటు తెలీదనేది. వచ్చినమనిషిని ఎక్కడ కూర్చోబెడతారో అదే ఆ ఇంట్లో మంచి చోటని ఆమె నమ్మకం." ముహ్సిన్ కత్తి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కోత ఒక్కటే నాదమ్మా. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో నా పేరు చెప్పుకుంటున్న వెలుతురంతా ఆమె ఇంటింటా కూర్చుని చూసి వచ్చి గీసిందే."