హాజరు: ఎలియాస్ కిరోగా

చనిపోయిన మనిషి రోజూ ఉదయం ఏడూ నలభైకి ఆఫీసులో హాజరు వేయించుకుంటున్నాడు.

"ఇదిగో నోయెలియా, ఏంటిది? ఎలియాస్ కిరోగా ఏప్రిల్లో పోయాడని కాగితంలో ఉంది. పట్టికలో చూస్తే పచ్చగా వెలుగుతున్నాడు!" అన్నాడు ఒరాసియో. కోర్దొబా నగరంలోని ఆ ఆఫీసుకి మేనేజరుగా వచ్చి వారమే అయింది.

నోయెలియా అప్పుడే పరుగున వచ్చింది. పది నిమిషాలు ఆలస్యం. రోజూ అంతే. పాప పాలు తాగలేదంటుంది.

కంపెనీ కంప్యూటర్లన్నీ ఆమె చేతి కిందే. ఎవరింట్లో ఏది తెరిచినా, నెట్ తగలగానే అది దానంతటదే ఆఫీసుకి కలిసి, ఆమె పెట్టిన నియమాలు అందుకుంటుంది. పట్టికలో మనిషి పేరు పక్కన 'ప్రెసెంతె', అంటే 'హాజరు', అని పచ్చగా పడుతుంది. ఆ మాట పెట్టింది ఎలియాసే. "బళ్లో హాజరుకీ అదే అంటాం, పోయినవాళ్ల పేరు పిలిచినప్పుడూ అదే అంటాం. ఎటూ పనికొస్తుందిలే" అని నవ్వాడు అప్పట్లో.

"అతని కంప్యూటర్ని ఎవడో దొంగ ఎత్తుకెళ్లుంటాడు" అన్నాడు ఒరాసియో, గొట్టంతో మాతె తేనీరు పీలుస్తూ.

"కాదు. వాళ్లావిడ తెరుస్తుంది."

"పాస్‌వర్డ్ తెలుసా?"

"తెలీదు. తెర మీద ఆయన పేరు చూసుకుని మూసేస్తుంది."

"పిచ్చా ఏంటి ఆవిడకి?"

పక్క బల్ల దగ్గర, ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న గ్రిసెల్డా తలెత్తలేదు.

"కొంచెం" అంది నోయెలియా.

"తిరిగిచ్చెయ్యమని చెప్పలేకపోయావా?"

"ఎన్నిసార్లు చెప్పినా వినదు."

ఒరాసియో చెడ్డవాడేం కాదు. కానీ సోమవారం తనిఖీవాళ్లొస్తున్నారు.

"అయితే నియమం పెట్టెయ్. ఈసారి తెరవగానే మొత్తం తుడుచుకుపోవాలి. పట్టికలోంచి పేరు కూడా."

"ఒక్క నెల ఆగుదాం."

"ఒక్క రోజు కూడా కుదరదమ్మా. నొక్కు."

ఆమె వేలు కాసేపు గాల్లోనే ఉంది. తర్వాత నొక్కింది.

మర్నాడు ఏడూ నలభై దాటింది. కిరోగా పేరు పచ్చబడలేదు. ఎనిమిదైంది. 'చివరిసారి: నిన్న' అని బూడిదరంగులో అలాగే ఉంది.

"చూశావా, తెరవలేదు! నువ్వే ఫోన్ చేసి ఆవిడకి ఉప్పందించుంటావ్" అన్నాడు ఒరాసియో. అంతలో గడియారం వైపు చూశాడు. "అరె, ఇవాళ టైముకే వచ్చావే!"

ఎలియాస్‌ని పెళ్లాడి కిరోగాల ఇంటి కోడలైనా మా దేశపు ఆడవాళ్లందరిలా పుట్టింటి పేరుతోనే ఉన్న నోయెలియా బుస్తోస్, ఆ ఉదయం మొదటిసారి వంటింటి బల్ల మీది కంప్యూటర్ తెరవకుండా ఇంట్లోంచి బయల్దేరింది.