బోర్డు లేని హోటలు

“నన్ను పావోలా స్టేషన్లో దింపేయండి. ఐదింటికి తూరిన్ రైలుంది,” అంది ఇలారియా.

బండిలో పాట ఆగిపోయింది.

ఆమెకు పెళ్ళయి ఐదు రోజులు. నాలుగు రోజులుగా వెనక సీట్లో, డేరా మూటకీ బ్రూనోకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. పెళ్ళికొడుకు మత్తేయో ముందు సీట్లో, బండి నడుపుతున్న సాండ్రో పక్కన ఉన్నాడు. సాండ్రో, బ్రూనో ఇద్దరూ అతని స్నేహితులు.

“వదినకి ఆకలేస్తోంది. అందుకే కోపం,” అన్నాడు సాండ్రో.

“ఆకలి కాదు.”

మలుపు తిరగగానే వంటల వాసన తగిలింది. రోడ్డు పక్కన ద్రాక్ష పందిరి, దాని కింద పొడవాటి బల్ల, ఇరవై దాకా కుర్చీలు. ఏ రెండు కుర్చీలూ ఒక తీరుగా లేవు. అవతల సముద్రం.

సాండ్రో బండి ఆపేశాడు.

“బోర్డేదిరా?” అన్నాడు బ్రూనో.

“అసలైన హోటళ్ళకి బోర్డుండదు. దిగు.”

నల్లబట్టల పెద్దావిడ ఒకతె గడపలో నిలబడి వాళ్ళను చూసింది. దక్షిణాదిన ముసలివాళ్ళంతా నల్లబట్టలే కడతారని ఉత్తరాన తమ తూరిన్‌లో అందరూ అనుకునేదే.

“నలుగురం, పెద్దమ్మా. ఏముంటే అది పెట్టండి. వీళ్ళు కొత్త పెళ్ళివాళ్ళు,” అన్నాడు సాండ్రో.

ఆమె వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది.

“కూర్చోండి,” అంది.

బల్ల మీద గిన్నెలన్నీ తువ్వాళ్ళు కప్పి ఉన్నాయి. మాంసం ఉండలతో కాల్చిన మాకరోని, కోడి రసం, వంకాయ పొరలు, రొట్టె. ఆమె ఒక్కొక్కటే తెరిచి వడ్డించింది.

పక్క ఇంట్లోంచి ఒకాయన గబగబా వచ్చాడు. అంత ఎండలోనూ నల్లకోటు వేసుకున్నాడు.

“వదినా, ఎవరు వీళ్ళు? నే చెప్పి పంపించేస్తా...”

“మన గుమ్మంలోకి వచ్చారు. నువ్వెళ్ళి ఇంకో రొట్టె పట్రా.”

ఆయన రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

“వదినది వంట, మరిది సర్వరు. సర్వరుకి మనం నచ్చలేదురోయ్,” అన్నాడు బ్రూనో.

ముగ్గురూ పగలబడి నవ్వారు.

ఇలారియా బల్ల దగ్గరికి రాలేదు. సంచీ భుజాన వేసుకుని గోడ దగ్గర నిలబడింది.

పెద్దావిడ ఒక పళ్ళెం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చింది.

“నువ్వు తినవా, తల్లీ?”

“వద్దు. నేను రైలుకి వెళ్ళిపోతున్నాను.”

“ఒక్కదానివేనా?”

“మేమిద్దరం ఓడెక్కి సార్డీనియా దీవికి వెళ్ళాల్సింది. ఆదివారం పొద్దున్నే వీళ్ళు బండేసుకొచ్చి ‘పదరా’ అన్నారు. ఆయన నన్నడక్కుండానే ‘పద’ అన్నాడు. అప్పట్నుంచీ ఒక్క పూట మేమిద్దరమే కూర్చుని తిన్నది లేదు.”

“ఆ మాట అతనికి చెప్పావా?”

“ఆ మాత్రం తెలీదా?”

“తెలీదు. మా ఆయన కోజిమోకి నలభై నాలుగేళ్ళ పాటు ఒక్కో మాట పదిసార్లు చెప్పాను. పదకొండోసారి, ‘ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా సవేరియా’ అనేవాడు.”

ఇలారియాకు నవ్వు వచ్చింది. ఆపుకుంది.

“ఎదురుగా ఉన్నాడు కదమ్మా, చెప్పు,” అంది సవేరియా. “ముందు ఇది తిను.”

“మీరు తిన్నారా?”

“తర్వాత తింటాను.”

“అయితే నేనూ తర్వాతే.”

సవేరియా పళ్ళెం బల్ల చివర పెట్టింది. తర్వాత రెండు కుర్చీలు లాగింది.

ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. సవేరియా ప్రతి ముద్దా నెమ్మదిగా, కొత్తగా నేర్చుకుంటున్నట్టు నమిలింది. నల్లకోటు ఆయన పక్క ఇంటి గుమ్మంలో నిలబడి అదే చూస్తున్నాడు. ఎందుకు చూస్తున్నాడో ఇలారియాకు అర్థం కాలేదు.

పళ్ళెం ఖాళీ అయ్యాక ఇలారియా పిలిచింది.

“మత్తేయో, ఒకసారి ఇలా రా.”

గోడ పక్కన ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మిగతావాళ్ళకు వినపడలేదు. కాసేపటికి మత్తేయో ఆమె భుజం మీది సంచీ తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

బిల్లు అడిగితే సవేరియా తల అడ్డంగా ఊపింది.

“పెళ్ళికూతురు తిన్నది. నాకదే చాలు.”

బ్రూనో ఎవరూ చెప్పకుండానే ముందు సీట్లోకి మారాడు. పావోలా దాటాక సముద్రం వారగా ఐదింటి రైలు వాళ్ళ పక్కనుంచే పోయింది. ఇలారియా మత్తేయో భుజం మీద తల పెట్టుకుని దాన్ని చూసింది.

తిరుగు ప్రయాణంలో సాండ్రోను ఆమే ఆ ద్రాక్ష పందిరి దగ్గర ఆపమంది. పెళ్ళిలో అతిథులకు పంచిన చక్కెర బాదం పొట్లం ఒకటి చేతిలో పట్టుకుని దిగింది.

పందిరి కింద బల్ల లేదు. కుర్చీలూ లేవు. తలుపుకు తాళం వేసి ఉంది.

పక్క ఇంటి నుంచి ఆయన వచ్చాడు. ఒంటి మీద అదే నల్లకోటు.

“ఇవాళ హోటల్ తియ్యలేదా?” అని అడిగింది.

“ఏ హోటలమ్మా?”

“ఇదే. సవేరియమ్మ హోటలు.”

“ఇక్కడ ఎప్పుడూ హోటల్ లేదు. ఇది మా అన్న కోజిమో ఇల్లు. వదిన కొండ మీద చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక అక్కడే ఉంటుందట.”

“మరి ఆ రోజు మాకు పెట్టిన భోజనం?”

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఆ పొద్దున్నే మా అన్నను మట్టి చేసి వచ్చాం. చావింట్లో పొయ్యి వెలిగించరు కదమ్మా, వీధిలోవాళ్ళు తలా ఒక గిన్నె, తలా ఒక కుర్చీ తెచ్చి పెట్టారు. వదిన అందర్నీ ఇళ్ళకి పంపేసింది.”

ఇలారియా ఖాళీ పందిరి వైపు చూసింది.

“మాకు తెలీదు. మేం అక్కడ కూర్చుని నవ్వాం. క్షమించండి.”

“నువ్వు నన్ను క్షమాపణ అడుగుతావేంటి, తల్లీ,” అంటూ ఆయన బాదం పొట్లాన్ని రెండు చేతులా అందుకున్నాడు. “రెండు రోజులుగా ఊరంతా బతిమాలినా నోట్లో ముద్ద పెట్టని మనిషి, నువ్వు తినాలని తిన్నది.”